పిడికెడు బియ్యం దగ్గర షారోను ఆడిన ఆట

విజయనగరం,
మంగళవారం పొద్దున్న.

ప్రియమైన తమ్ముడు ప్రసాదుకి, మరదలు సుగుణకి, మీ పెద్దప్ప ప్రభువు పేరిట చెప్పుకునే వందనాలు.

ఆయన కాపుదలలో ఇక్కడ నేనూ మీ షారోనూ క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరంతా బాగున్నారని నమ్ముతున్నాను. చంటిదానికి జలుబు తగ్గిందా? సుగుణ వేళకి తింటోందా? ఊడ్పులు ఎంతవరకు వచ్చాయి? ఇక్కడ నాలుగు రోజులుగా వాన విడవలేదు. మన వైపు కూడా పడుతూ ఉంటే దేవునికి స్తోత్రం.

ఉత్తరం ఎందుకు, ఫోను ఉంది కదా అంటావు. ఫోనులో నీ మాటలే ఎక్కువ, నావి తక్కువ. నువ్వు అడిగినదానికి ఊఁ అంటాను. పెట్టేశాక ఇది చెప్పాల్సింది కదా అనుకుంటాను. పైగా షారోను మెలకువగా ఉన్నంతసేపూ ఫోను బయటికి తీయొద్దని సెంటరు టీచరమ్మ కట్టడి చేసింది. ఫోను కనబడితే పిల్లకి మనిషి కనబడదు. ఇప్పుడు పిల్ల థెరపీ సెంటరులో ఉంది. ఈ గంట వాళ్లే చూసుకుంటారు. నేను బయట బెంచీ మీద కూర్చుని ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. ఒక మంచి సంగతి చెప్పాలి తమ్ముడూ. శనివారం నుంచి నాలో నేను ఉంచుకోలేకపోతున్నాను. అయితే మొదటి నుంచి చెబితేనే నీకు తెలుస్తుంది. ఓపికగా చదువు. సుగుణకి కూడా చదివి వినిపించు.

మేముండే గది గంటస్తంభం దాటాక ఒక సందులో అని చెప్పాను కదా. ఒక గది, దానికో వంటగట్టు, పైన రేకులు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. నాకు పర్వాలేదు, ఈ గదిలో మాటలు ఎలాగూ తక్కువ. షారోనుకి ఆ రేకుల చప్పుడు ఇష్టం. ఆటో హారను వినబడితే చెవులు మూసుకుని ఏడ్చే పిల్ల, రేకుల మీద ఇంత వాన పడుతుంటే వెల్లకిలా పడుకుని నవ్వుతుంది. ఎందుకో టీచరమ్మ చెప్పింది కానీ నాకు సగమే అర్థమైంది.

ఇంటామె పేరు పైడమ్మ. మనిషి గట్టిగా మాట్లాడుతుంది, మనసు మంచిది. ఆదివారం కూర గిన్నెతో పంపిస్తుంది. ఇక్కడి తిండికి లోటు లేదు. బియ్యం మాత్రం మన ఇంటి బియ్యంలా ఉండవు, అన్నం ముద్దయిపోతుంది. చోడి అంబలి తాగి నెల దాటింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చోడిపిండి, సంతలో బాగుంటే ఎండు మెత్తళ్ల చేపలు పంపించు. షారోను మెత్తళ్లు వేయిస్తే తింటుంది. వాసనకే దగ్గరికి వస్తుంది.

ఒక్కదాన్నే ఎలా ఉంటున్నానో అని సుగుణ బెంగ పెట్టుకోవద్దు. బాగానే ఉన్నాను. ఒక్క ఆదివారాలే కష్టంగా ఉండేవి. ఇక్కడి గుడి పెద్దది. మైకులు, డ్రమ్ములు. మొదటి వారం పాట ఎత్తుకోగానే షారోను కింద పడి తల నేలకి కొట్టుకుంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒకామె నా చెవిలో, పిల్లకి భయం చెప్పలేదా అంది. ఆ తర్వాత కొన్నాళ్లు మెట్ల కింద కూర్చుని విన్నాను. ఇప్పుడు గదిలోనే ఇద్దరం చేసుకుంటున్నాం. నేను మెల్లగా పాడతాను, పిల్ల ఊగుతుంది. ఆయనకి అది చాలనే నా నమ్మకం.

ఇక మొన్న కాదు, అటు ముందు ఆదివారం నువ్వు ఫోనులో అన్న మాట. ఆ రోజు సరే చూద్దాం అని పెట్టేశాను. కానీ ఆ మాట నాలోనే తిరిగింది. నువ్వన్నది ఇది: "అప్పా, ఆరు నెల్లయ్యింది. ఆ గుంట నన్ను నాన్నా అననేదు, దాహమేస్తే నీల్లు అననేదు. అక్కడేటి సేస్తన్నారు, ఆడుకుంతన్నారా? ఆడుకోడానికయితే ఇంటికాడ ఆడుకోదేటి? నెలాకరికి మనూల్లో స్వస్థత కూడికలున్నాయి. నాను వొచ్చి తీసుకెల్లిపోతాను."

నీ బాధ నాకు తెలుసు. దాని పుట్టినరోజుకి నువ్వు తెచ్చిన గౌను అది చూడనైనా చూడలేదు. గెడ్డం పట్టుకుని, ఇటు సూడే, నాన్నని సూడే, అని దాని మొహం నీ వైపు తిప్పుకునేవాడివి. అది గిలగిల్లాడి విడిపించుకునేది. నువ్వు పొలం వైపు వెళ్లిపోయేవాడివి. అదంతా నేను అరుగు మీంచి చూశాను. అందుకే, తీసుకెళ్తాననే హక్కు నీకు లేదని నేననను. తండ్రివి నువ్వు. నేను మేనత్తని.

నువ్వు అడిగినదానికి జవాబు కూడా ఉంది. అవును తమ్ముడూ, ఆడుకుంటున్నాం. ఆరు నెలలుగా ఆడుకోవడమే పని.

ఇక్కడ మందుల్లేవు, సూదుల్లేవు. ఒక గదిలో చాప, కొన్ని బొమ్మలు, గోడకి వరసగా బొమ్మల కాగితాలు. టీచరమ్మ పేరు లావణ్య. ఎచ్చెర్ల పిల్ల, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మొదటి రోజు నాతో, మేం వారంలో చూసేది కొద్ది గంటలు ఆంటీ, మిగతాదంతా మీ దగ్గరే, అసలు వైద్యం చెయ్యాల్సింది మీరు, నేర్పేది నేను అంది. యాభై నాలుగేళ్ల వయసులో బడిలో వేసినట్టయింది.

నేర్పింది కూడా విచిత్రంగానే ఉంది. పిల్లని మన దగ్గరికి లాగొద్దు, మనమే అది ఆడుతున్న చోటికి వెళ్లి కూర్చోవాలట. అది చెంచా నేలకి తడుతుంటే మనమూ ఒక చెంచా తీసుకుని తట్టాలట. మొదటిసారి చేసినప్పుడు కిటికీలోంచి పైడమ్మ చూసి, "ఓలమ్మా, పిల్లకి నయమవతాదనుకుంటే నీకు కూడా వొచ్చీసినాదేటి?" అంది. నేను తట్టడం ఆపలేదు. కాసేపటికి షారోను తట్టడం ఆపి నా చెంచా వైపు చూసింది. నా వైపు కాదు, చెంచా వైపు. టీచరమ్మ అదే చాలంది.

ఎక్కువ మాట్లాడొద్దంది. చిన్న చిన్న మాటలు, పిల్ల చేసే పనికి సరిపడా. ‘నీళ్లు’, ‘పడింది’, ‘ఇంకా’. అంతే. ఇక్కడికొచ్చే తల్లులందరికీ ఇదే కష్టమట, ఊరుకోలేరట. నాకు మాత్రం అదొక్కటే సులువు. చిన్నప్పటి నుంచీ మాట్లాడవేమే అని తిట్లు తిన్నదాన్ని, మాట తక్కువైనందుకు మెప్పు పొందిన చోటు ఇదొక్కటే.

కష్టమైంది ఇంకోటి ఉంది. పిల్లకి కావలసినవన్నీ ముందే ఇచ్చేస్తున్నారు ఆంటీ, అడిగే అవసరం ఎక్కడుంది దానికి, అంది టీచరమ్మ. నిజమే. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నీకు ఆకలని నువ్వు అనకముందే నీ ముందు కంచం ఉండేది. పిల్ల చేత అడిగించుకోవడం అంటే మన ఇంట్లో తప్పు కిందే లెక్క. ఇప్పుడేమో గ్లాసు చూపించి, అది ఏదో ఒకటి చేసేదాకా ఆగమంటుంది. చెయ్యి చాపినా సరే, నా చెయ్యి లాగినా సరే, ఏదో ఒకటి. దాహంగా ఉన్న పిల్ల ముందు నీళ్లు పట్టుకుని నిలబడటం నాకు ఎంత కష్టమైందో ప్రభువుకే తెలుసు. కానీ నేర్చుకున్నాను. ఇప్పుడు షారోను నా మణికట్టు పట్టుకుని గ్లాసు దగ్గరికి తోస్తుంది. ఇది నీకు చెప్పాను, నువ్వు లెక్కలోకి తీసుకోలేదు. బయల్దేరే ముందు గోడ మీద ఆటో బొమ్మ చూపిస్తే ఏడవకుండా చెప్పులేసుకుంటోందని కూడా చెప్పాను.

అయితే మనిషి మొహంలోకి మాత్రం చూసేది కాదు. నా చెయ్యి కావాలి, నేను అక్కర్లేదు అన్నట్టుండేది. ఇది నీకు చెప్పలేదు. నాకే బాధగా ఉండేది.

మూడు వారాల కిందట టీచరమ్మ అడిగింది: ఆంటీ, బొమ్మలొద్దు. రోజూ మీరు చేసే పనుల్లో పిల్ల తనంతట తాను దగ్గరికి వచ్చే పని ఏముంది?

నేను ఆలోచించాను. ఒక్కటే ఉంది. పిడికెడు బియ్యం.

మన సంఘం ఆడవాళ్ల అలవాటు నీకు తెలిసిందే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు బియ్యం దేవుని పేరిట డబ్బాలో వేసి, అది నిండాక గుడికి ఇస్తాం. ఇక్కడికి వచ్చినా నేను మానలేదు. మూత ఉన్న రేకు డబ్బా ఒకటి గట్టు మీద పెట్టుకున్నాను. బియ్యం ఆ రేకు మీద పడిన చప్పుడు వినబడితే చాలు, షారోను ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది. డబ్బాలో చేతులు పెట్టబోతుంది. నేను వద్దని జరిపేసేదాన్ని. దేవుని బియ్యం కదా.

ఆ మాట చెబితే టీచరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. అదే మన ఆట ఆంటీ, అంది. మీదొక పిడికెడు, తనదొక పిడికెడు. మీ వంతు అయ్యాక డబ్బా తన ముందు పెట్టి ఊరుకోండి. తన మొహంలోకి చూడండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. ఏం చేస్తుందో చూడండి.

నాకు మనసొప్పలేదు. ప్రభువు భాగంతో ఆటలేమిటి అనిపించింది. రెండు రోజులు చెయ్యలేదు. పిల్లని సెంటరుకి తీసుకెళ్లినప్పుడు, చేశారా అని టీచరమ్మ అడిగితే తల వంచుకున్నాను. మూడో రోజు కూర గిన్నె తిరిగివ్వడానికి వెళ్లినప్పుడు పైడమ్మకి చెప్పాను. ఆమె మన మతం కాదు, నా సంకటం తెలియదు అనుకున్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "నీ దేవుడికి పిల్లలంటే పడదేటి?" అంది.

 చిన్నపిల్లల్ని అడ్డగించొద్దని ఆయనే అన్నాడని ఆదివారం బడిలో ఇరవై ఏళ్లు పిల్లలకి చెప్పినదాన్ని నేను. ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

పది రోజులు ఏమీ కాలేదు. నేను పిడికెడు వేసి, ‘అత్త’ అంటాను. డబ్బా దాని ముందు పెట్టి, ‘షారోను’ అని ఊరుకుంటాను. అది గిన్నెలోంచి బియ్యం తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ దాన్నే చూసుకుంటుంది. సగం డబ్బాలో, సగం నేల మీద. నా వైపు చూడదు. రోజూ ఊడ్చుకుంటున్నాను. నువ్వు ఫోను చేసింది ఆ రోజుల్లోనే. నిజం చెబుతున్నాను. తీసుకెళ్లిపోతాడేమో, అదే మంచిదేమో అని కూడా అనుకున్నాను.

పోయిన బుధవారం టీచరమ్మ ఇంటికి వచ్చింది. నెలకోసారి ఇళ్లకి వచ్చి చూస్తారు. వంట వేళకి వచ్చి, మూలన పీట మీద కూర్చుని, మీ పని మీరు చేసుకోండి ఆంటీ అని, పిల్లకి కనబడకుండా ఫోనులో వీడియో తీసింది. మేము మూడు వంతులు ఆడాం. మామూలే. షారోను బియ్యం జారవిడుచుకుంది. నేను ఊరుకున్నాను. అయిపోయింది. అన్నం వండి పిల్లకి పెట్టాను. పిల్ల నిద్రపోయాక టీచరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ వీడియో చూపించింది.

మొదట నాకు నేను తప్ప ఏమీ కనబడలేదు. ఎంత ముసలిదాన్నయ్యానో అనుకున్నాను. వీడియోలో నేను పిడికెడు వేశాను. ‘షారోను’ అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను.

అప్పుడు షారోను తల ఎత్తింది. డబ్బా వదిలేసి నా మొహంలోకి చూసింది. ఊరికే కాదు, వెతికినట్టు చూసింది. కొంచెం వంగి కింద నుంచి కూడా చూసింది. నేను కళ్లు తెరిచేసరికి అది మళ్లీ బియ్యం వైపు తిరిగిపోయింది.

టీచరమ్మ వెనక్కి తిప్పి మళ్లీ చూపించింది. రెండో వంతులోనూ అంతే. మూడో వంతులోనూ అంతే.

ఏం చేస్తున్నారు ఆంటీ, అప్పుడు, అని అడిగింది. ప్రార్థన అన్నాను. నాకు తెలియనే తెలియదు తమ్ముడూ, నేను కళ్లు మూసుకుంటున్నానని. ఊరుకోమంటే నాకు తెలిసిన ఊరుకోవడం అదే. చేతులు ఖాళీ అయితే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. అయిదు లెక్కపెట్టమంటే, లెక్క బదులు పిల్ల కోసం నాలుగు మాటలు అడుగుతున్నాను. ప్రభువా, ఈ బిడ్డ ఒక్కసారి నా వైపు చూసేట్టు చెయ్యి అని.

టీచరమ్మ ఫోను కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "పిల్ల మీ వైపు సూడట్లేదని బాధపడతన్నారు ఆంటీ. పిల్ల సూస్తంది. మీరే సూడట్లేదు."

అనేశాక, తప్పుగా అన్నానేమో అని ఆ పిల్ల కంగారు పడింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.  నేను అడుగుతున్నది నా ముందే జరుగుతుంటే, కళ్లు మూసుకుని మళ్లీ అదే అడుగుతున్నాను. ఆ సాయంత్రం మోకరించి ఆయన్ని క్షమాపణ అడిగాను. నవ్వు కూడా వచ్చింది. ఆయనకీ వచ్చే ఉంటుంది.

గురువారం పొద్దున్న. ఎసరు పెట్టాను. పిడికెడు వేశాను. ‘అత్త’. డబ్బా జరిపాను. ‘షారోను’. కళ్లు తెరుచుకుని కూర్చున్నాను. రెప్ప వేయడానికి కూడా భయమేసింది. ఒకటి, రెండు, మూడు. అది బియ్యం తీసుకుంది. నాలుగు. ఆగింది. తల ఎత్తి చూసింది.

ఈసారి నేను ఉన్నాను అక్కడ. దాని కళ్లు సుగుణ కళ్లే. కనుపాపల్లో కొంచెం తేనె రంగు ఉంది. ఐదేళ్లుగా ఎత్తుకుని పెంచిన పిల్ల కళ్లు ఏ రంగో నాకు సరిగ్గా తెలిసింది మొన్న గురువారమే. నన్ను చూసి, డబ్బా చూసి, మళ్లీ నన్ను చూసి పిడికిలి విప్పింది. బియ్యం డబ్బాలో పడ్డాయి. ‘పడింది’ అన్నాను.  అది నవ్వింది. చప్పుడుకి కాదు, నాకు నవ్వింది.

శుక్రవారం ఇంకా బాగా ఆడింది. తన వంతు అయ్యాక డబ్బా నా వైపు తోసింది. అత్త వంతు అని దానికి తెలిసింది. ఇదొక్కటే ఉన్నా నీకు రాసేదాన్ని.

శనివారం సంగతి విను. నేను పిడికెడు వేశాను. అది పిడికెడు వేసింది. మళ్లీ నా వంతు వచ్చింది. నేను పిడికిలి డబ్బా మీదికి తెచ్చేసరికి షారోను టక్కున మూత పెట్టేసింది. పెట్టి, దాని మీద రెండు చేతులూ ఆనించి, నా మొహంలోకి చూసింది. నాకు అర్థం కాలేదు. చెయ్యి వెనక్కి తీశాను. అది మూత తీసింది. మళ్లీ చెయ్యి తెచ్చాను. మళ్లీ మూత పెట్టింది. పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటోంది తమ్ముడూ. అచ్చం చిన్నప్పుడు నువ్వు నా చెప్పు దాచి నిలబడ్డట్టే నిలబడింది.

నన్ను ఆటపట్టించింది. మన షారోను. నాలుగుసార్లు మూత పెట్టి, అయిదోసారి పగలబడి నవ్వి డబ్బా నా ఒళ్లోకి తోసేసింది. నేనూ నవ్వాను. చప్పుడుకి పైడమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చెప్పాను. ఆమె నమ్మక, తను కూడా కూర్చుని ఒక పిడికెడు తీసింది. షారోను ఆమె చేతిని చూసింది, ఆమె మొహం చూసింది, మూత పెట్టేసింది. "ఇదేటే అమ్మా, నాకు కూడానా?" అని పైడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎసరు ఇంకిపోయి గిన్నె మాడింది. ఆ పూట ఇద్దరం పైడమ్మ ఇంట్లో తిన్నాం. ఈ వారం దేవుని డబ్బా ఎన్నడూ లేనంత తొందరగా నిండింది.

నిన్న సెంటరుకి వచ్చి టీచరమ్మకి చెప్పాను. చేతిలో ఉన్న బొమ్మల డబ్బా కింద పెట్టేసి నన్ను కౌగిలించుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది. ఒకరిని ఆటపట్టించాలంటే, ఎదుటి మనిషి ఏం చెయ్యబోతోందో తెలియాలి, అడ్డుపడితే ఏమనుకుంటుందో కొంచెమైనా ఊహించాలి. మనిషితో ఆడటం అంటే అదే ఆంటీ, మీ పిల్ల అది మొదలుపెట్టింది, అంది.

నీకు అబద్ధం చెప్పను. మాటల గురించి కూడా అడిగాను. ఎప్పుడు వస్తాయో, ఎన్ని వస్తాయో నేను మాటివ్వలేను అంది. కొందరికి ఆలస్యంగా వస్తాయి, కొందరు బొమ్మలు చూపించి, సైగలు చేసి చెప్పుకుంటారు. ఇది పోయే జబ్బు కాదు, పిల్ల తీరే అది, ఆ తీరులోనే మన దగ్గరికి రావడానికి దారి వేస్తున్నాం అంది. వచ్చే దారి మాత్రం ఇదేనంది. మూత పెట్టి చూసిందే, ఆ చూపులోంచే మాటైనా సైగైనా బయల్దేరేది. ఇప్పుడు ఆపితే చేతికి వచ్చింది జారిపోతుందని కూడా అంది.

వీడియో నీకు పంపించమందామా అనుకున్నాను. వద్దనుకున్నాను. ముందు ఇదంతా తెలియకుండా చూస్తే, ఒక పిల్ల తల ఎత్తడమే కనబడుతుంది నీకు.

అందుకని తమ్ముడూ, చెప్పాల్సిన మాట చెబుతున్నాను. నెలాఖరుకి షారోనుని పంపను. నువ్వు అడిగినదేదీ నేను ఇంతవరకు కాదనలేదు. ఇది కాదంటున్నాను. ఇంకో సంవత్సరం మేమిద్దరం ఇక్కడే ఉంటాం. మన గుడి స్త్రీల సమాజానికి కూడా రాశాను, కార్యదర్శి పని ఇంకెవరికైనా అప్పగించమని. పద్దెనిమిదేళ్లు చేశాను, చాలు.

కోపం తెచ్చుకోకు. కూడికల్లో పిల్ల పేరు చెప్పి తప్పకుండా ప్రార్థన చేయించండి. పేరు చాలు. దాన్ని ఆ మైకు ముందు నిలబెట్టవద్దు. నేను ఇక్కడ రోజూ మోకరిస్తూనే ఉన్నాను, పిల్ల పడుకున్నాక.

చిన్నాన్నకి, పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి నా వందనాలు చెప్పు. పెద్దల దీవెనలు మా ఇద్దరికీ కావాలని అడిగానని చెప్పు. చంటిదాన్ని తడిలో తిప్పవద్దని సుగుణతో చెప్పు. నా మంచం కింద గోనెసంచిలో దుప్పటి ఉంది, వానకి నెమ్ము ఎక్కుతుందేమో ఒకసారి ఎండలో వెయ్యండి.

నువ్వు మాత్రం రా. తీసుకెళ్లడానికి కాదు, ఉండటానికి. ఊడ్పులు అయ్యాక నాలుగు రోజులు చాలు. టీచరమ్మ నిన్న ఇంకో మాట అడిగింది. వాళ్ల నాన్న రోజూ చేసే పనిలో పిల్ల దగ్గరికి వెళ్లి చూసేది ఏదైనా ఉందా అని. నాకు తెలియలేదు. బయటికి వచ్చి సుగుణకి ఫోను చేశాను. ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది. "ఆయన వాకిట్లో గెడ్డం గీసుకుంతంటే గుంజ పట్టుకుని అలాగే సూస్తంటాది వదినా. సబ్బు నురగ లేస్తంటే నవ్వుతాది. ఆయనెప్పుడూ సూణ్ణేదు, అద్దంలోకే సూస్తాడు. అదీ ఒక మాటేనా అనీసి నాను సెప్పనేదు."

ఇది నీకు తెలుసా? 

ఊడ్పులయ్యాక వచ్చే శనివారం పొద్దున్న కోటబొమ్మాళిలో పాసింజరు ఎక్కు. నేను స్టేషను బయట ఉంటాను. పిల్ల లోపలికి రాదు, ఆ కూతకి భయం. దాన్ని చూడగానే పేరు పెట్టి పిలవకు, ఎత్తుకోకు. పక్కన నడువు, అంతే. రెండు రోజుల ముందు నుంచి గెడ్డం గీసుకోవద్దు. బ్రష్షూ, సబ్బు గిన్నే సంచిలో పెట్టుకో. బ్లేడు తేవద్దు, గీసుకోవడం తర్వాత షాపులో చూసుకుందువు గాని. పైడమ్మ వాకిట్లో పీట వేస్తాను. అద్దం పెట్టను. నువ్వు దాని ఎదురుగా కూర్చో. నురగ చెయ్యి, ఒక బుగ్గకి రాసుకో. తర్వాత బ్రష్షు దాని ముందు పెట్టి రెండో బుగ్గ చూపించి ఊరుకో. నాన్నా అనమని అడగకు. చెయ్యి పట్టుకుని లాగకు. అయిదు కాదు, యాభై అయినా లెక్కపెట్టు. నురగ ఆరిపోతే మళ్లీ చెయ్యి. బ్రష్షు పట్టుకున్న ఆ చిన్న చెయ్యి నీ బుగ్గకి వచ్చేదాకా కదలకుండా కూర్చో.

మీ అందరి మేలు కోరి ప్రార్థించే
పెద్దప్ప
ఎస్తేరమ్మ